అవసరం, తొందర

2024 ఆషాఢంలో ఒక రాత్రి మా అమ్మాయి కంప్యూటరు మూసేసి, భోజనాల బల్ల మీద తల ఆనించి, "నాయనా, నాకు ఇంగ్లీషు రాదు" అంది. ఎల్.కె.జి. నుంచి ఇంజనీరింగు దాకా ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్ల. ఆ ఫీజులన్నీ కట్టినవాణ్ణి నేను. కోపమూ వచ్చింది, భయమూ వేసింది.

అమెరికాలో ఎం.ఎస్. చేయాలని అది జి.ఆర్.ఇ. పరీక్షకు తయారవుతోంది. 2020 తర్వాత చాలా విశ్వవిద్యాలయాలు ఈ పరీక్ష తప్పనిసరి కాదన్నాయి గాని, దాని మనసులో ఉన్న చోట్ల ఇంకా అడుగుతూనే ఉన్నారు. లెక్కల భాగానికీ, భాషా భాగానికీ విడివిడిగా మార్కులు. రెండింటికీ కింది గీటు నూటముప్పై, పై గీటు నూటడెబ్బై. ఇంట్లో రాసుకున్న నమూనా పరీక్షలో లెక్కల్లో నూట అరవై ఆరు వచ్చాయి. వెర్బల్ రీజనింగ్ అనే ఆ రెండో భాగంలో నూట నలభై ఆరు. అదీ రెండోసారి రాస్తే.

నేను బ్యాంకులో చేరింది 1992లో. అప్పట్లో బ్యాంకు ఉద్యోగాల పరీక్షలోనూ రీజనింగ్ ఉండేది. "కుర్చీలన్నీ ఏనుగులు, ఏనుగులన్నీ గొడుగులు, కాబట్టి కుర్చీలన్నీ గొడుగులా కాదా" అన్న ధోరణి ప్రశ్నలు. లోకంలో కుర్చీ అంటే ఏమిటో మరిచిపోయినవాడికే మార్కులు. నేను అందులో దిట్టను. ఆపైన ముప్పయ్యేళ్లుగా పై ఆఫీసుకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాస్తున్నవాణ్ణి. అందుచేత, "నేను కూర్చుంటాను పద, రోజూ రాత్రి ఒక గంట" అన్నాను. అది నన్ను కాస్త జాలిగా చూసింది.

ఈ పరీక్ష గురించి మనవాళ్లలో ఒక అపోహ ఉంది. పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు కంఠస్థం చేస్తే సరిపోతుందని. నేను బెంగుళూరులో బి.కాం. చదివే రోజుల్లో అది కొంతవరకు నిజమే. మా హాస్టల్లో ఒక సీనియరు మూడువేల అయిదువందల మాటల పట్టిక ఉన్న లావుపాటి పుస్తకం పట్టుకుని, స్నానాల గది ముందు వరసలో నిలబడి కూడా వల్లెవేస్తూ ఉండేవాడు. ఆ కాలంలో ఒక మాట ఇచ్చి దానికి వ్యతిరేకపదం చెప్పమనేవారు. 2011లో పరీక్ష పద్ధతి మార్చినప్పుడు ఆ ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీలుంటాయి, నింపాలి. ఆరు మాటలిచ్చి, వాక్యానికి ఒకే అర్థం తెచ్చే రెండింటిని ఏరమంటారు. పేరాలిచ్చి ప్రశ్నలడుగుతారు. 2023 సెప్టెంబరు నుంచి పరీక్షను బాగా కుదించారు. వెర్బల్‌కు మొత్తం ఇరవై ఏడు ప్రశ్నలు, నలభై ఒక్క నిమిషాలు.

మొదటి విడత పన్నెండు ప్రశ్నలు, పద్దెనిమిది నిమిషాలు. మొదటి రాత్రి ఇద్దరం చెరొక కాగితం మీద జవాబులు గుర్తుపెట్టాం. అమ్మాయికి ఆరు ఒప్పు. నాకు నాలుగు.

ఆ నాలుగింటి సంగతి చెబితే నామోషీయే గాని, చెప్పాలి. అందులో పల్లెల్లో వడ్డీవ్యాపారుల గురించి ఒక పేరా ఉంది. ఆ విషయం నాకు తెలిసినంతగా ఆ పేరా రాసినవాడికి కూడా తెలిసి ఉండదు! మూడు ప్రశ్నలూ గబగబా గుర్తుపెట్టాను. మూడూ తప్పు. అమ్మాయి పేరా మీద వేలుపెట్టి, "నాయనా, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. ఈ పేరాలో యాడుండాది?" అంది. నిజంగానే లేదు. బ్యాంకు పరీక్షలో కుర్చీని మరిచిపోగలిగినవాణ్ణి, ముప్పయ్యేళ్లలో ఆ విద్య పోగొట్టుకున్నాను. కాగితం చూడగానే అందులో ఏముంటుందో నాకు ముందే తెలిసిపోతుంది. తెలిసిపోయిందనుకుంటాను.

నాకూ ఒక మంచి రోజు వచ్చిందిలెండి. ఈ పరీక్షవాళ్లకు ఒక గడుసుతనం ఉంది. కష్టమైన మాటలకంటే, అందరికీ తెలిసిన మాటలను తెలియని అర్థంలో వాడి పడగొడతారు. ఒక విమర్శకుడు ఏదో నవలను మెచ్చుకున్నాడు గాని ఆ మెప్పు 'క్వాలిఫైడ్' అని ఒక వాక్యం. క్వాలిఫైడ్ అంటే అర్హత ఉన్నదని అమ్మాయి లెక్క. నేను కామర్సు వాణ్ణి. ఆడిటరు 'క్వాలిఫైడ్ రిపోర్టు' ఇచ్చాడంటే, లెక్కలన్నీ సరే గాని ఈ విషయంలో మాత్రం ఒప్పుకోలేను అని మెలిక పెట్టాడన్నమాట. ఆ విమర్శకుడి మెప్పూ అంతే, మెలిక ఉన్న మెప్పు. అట్లాగే డిస్కౌంట్ అంటే లెక్కలోకి తీసుకోకపోవడం, క్రెడిట్ అంటే నమ్మడం, అప్రిషియేట్ అంటే విలువ పెరగడం. శాంక్షన్ ఒక్కటి నన్ను కూడా మోసం చేసింది. మా బ్యాంకులో లోను శాంక్షనయితే మిఠాయి పంచుతారు. బయట, ఒక దేశం మీద శాంక్షన్లు పెడితే ఆ దేశం అల్లాడిపోతుంది. ఒకే మాట, ఇటు అనుమతి, అటు శిక్ష.

"ఒకే మాటకు ఇట్లా రెండు పక్కలుంటే ఎట్లా కనుక్కునేది?" అని విసుక్కుంది అమ్మాయి. నాకు నవ్వొచ్చింది. ఏడేళ్ల వయసులో ఈ పని చేసిన పిల్ల ఇప్పుడు అడుగుతోంది.

మాది హోసూరు. ఇక్కడ మనవాళ్ల నోట తెలుగు, చుట్టూ తమిళం, నాలుగడుగులు దాటితే కన్నడం. అప్పట్లో మా అమ్మ పక్కింటి తమిళామె దగ్గర ఇడ్లీపాత్ర తెచ్చుకుంది. రెండు రోజులకు తిరిగివ్వబోతే ఆమె "అవసరం ఇల్లే" అంది. తొందరేమీ లేదు, మెల్లగా ఇవ్వండి అని ఆమె మర్యాద. తమిళంలో అవసరమంటే తొందర. మా అమ్మకు అవసరమంటే అవసరమే. ఆమెకు అక్కర లేదట పాపం అనుకుని, నెలరోజులు ఆ పాత్రలో దర్జాగా ఇడ్లీలు పెట్టింది. పక్కింటామె ముఖం మాడ్చుకోవడం మొదలుపెట్టింది. ఆఖరికి పాప తేల్చింది. "అవ్వా, ఆమె అవసరం వేరే, మన అవసరం వేరే. ఇచ్చెయ్యి." మనం తొందర అంటే త్వరపడడం. అదే మాట కాస్త సాగదీస్తే తమిళంలోనూ, కన్నడంలోనూ ఇబ్బంది. బళ్లారిలో, బరంపురంలో, షోలాపూరులో ఉన్నవాళ్లకు ఇటువంటి జంటలు మీ మీ ఊళ్లలో మీకుంటాయి, నేను వేరే చెప్పనక్కరలేదు. అంగట్లో నిలబడినప్పుడు ఎదుటివాడు అన్న మాట ఏ భాషలోదో, చుట్టూ ఉన్న మాటలను బట్టి, వాడి ముఖాన్ని బట్టి, కనురెప్పపాటులో తేల్చుకుంటాం. సరిహద్దు పిల్లలకు అది ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

ఇడ్లీపాత్ర సంగతి గుర్తుచేస్తే అమ్మాయి నవ్వి, తర్వాత కాసేపు ఆలోచించింది. మరునాటి నుంచి పద్ధతి మార్చింది. ఇచ్చిన మాటల మీద అట్టముక్క అడ్డం పెట్టేది. వాక్యం మాత్రం చదివేది. అందులో మలుపు ఎక్కడుందో చూసేది. 'ఆల్దో' ఉందా, 'హెన్స్' ఉందా, 'ఫార్ ఫ్రం' ఉందా అని. అయినా, కాబట్టి, ఏమాత్రం కాదు, ఇవే గదా వాక్యానికి కీళ్లు. ఆ తర్వాత ఖాళీలో తనకు తోచిన మాట, ఏ భాషలోదయినా సరే, పెట్టుకునేది. అప్పుడు అట్ట తీసేది. ఇది నేను కనిపెట్టిన కిటుకు కాదు, ఈ పరీక్షకు తయారుచేసే పుస్తకాల్లో ఉన్నదే. అయితే ఏ భాషలోదయినా సరే అన్నచోట మాకు ఒక కొత్త సంగతి బయటపడింది.

దానికి తోచిన మాటలు చాలావరకు తమిళం. తమిళం లేకపోతే ఇంగ్లీషు. తెలుగు మాట తోచినప్పుడల్లా అది మా అమ్మ మాట. పక్కగదిలో మంచం మీద పడుకుని మా అమ్మ కూడా వింటూ ఉండేది. ఒకరోజు 'పార్సిమోనియస్' దగ్గర ఆగి, అతిగా పొదుపు చేసేవాడు అని నేను వివరిస్తుంటే లోపలినుంచి, "ఎంగిలిచేత్తో కాకిని తోలనోడు అని చెప్పరాదూ" అంది. 'గారులస్'కు వసపిట్ట. 'ఆబ్‌స్టినేట్'కు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఎనభై మూడేళ్ల మనిషి, ఇంగ్లీషులో సంతకం కూడా రాదు. ఆ మాటలు మాత్రం అమ్మాయి ఎన్నడూ మరిచిపోలేదు.

మా అమ్మ దగ్గర లేని మాటలు వచ్చినప్పుడే ఇబ్బంది. 'టాసిటర్న్' దగ్గర, "ముభావంగా ఉండే మనిషి" అన్నాను. "ముభావం అంటే?" అంది. ఇరవై రెండేళ్ల పిల్లకు ఆ మాట తెలియదు. ఎట్లా తెలుస్తుంది? అది 2008లో ఒకటో తరగతిలో చేరింది. 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి చేసుకుంటూ వచ్చారు. నా పిల్ల తమిళం నేర్చుకున్నందుకు నాకు విచారం లేదు, చక్కగా నేర్చుకుంది. తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్పవలసినవాణ్ణి నేను. బదిలీలనీ, ఆడిట్లనీ వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు అది తన నోటుపుస్తకంలో 'ముభావం' అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటుంటే నేను ఎదురుగా కూర్చుని చూశాను. చట్టాన్ని తిట్టుకోవడానికి కూడా ముఖం చెల్లలేదు.

భాద్రపదం వచ్చేసరికి నమూనా పరీక్షల్లో నూట యాభై రెండు దాకా ఎక్కింది. అక్కడ ఆగిపోయింది. మాటలు తెలుస్తున్నాయి, మలుపులు తెలుస్తున్నాయి, కాని గడియారం చూడగానే తొందరపడుతుంది. ఒక రాత్రి మూడు ఖాళీల వాక్యం ఒకటి తప్పయింది. రెండు మాటలు సరిగ్గా పెట్టి, మూడోది తప్పు పెట్టింది. ఈ పరీక్షలో అటువంటిదానికి సగం మార్కులూ పావు మార్కులూ లేవు, సున్నా. "ఇదేం అన్యాయం? రెండు కరెక్టే గదా!" అని పెన్సిలు విసిరికొట్టింది. విసుగంతా గొంతులోకి వచ్చేసింది.

అప్పుడు నేను ఇరవయ్యేళ్లుగా ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఓదార్చడానికేనేమో.

2004లో నేను మా తాలూకాలోనే ఒక పల్లె శాఖలో ఆఫీసరుగా ఉన్నాను. అక్కడొక వితంతువు, తెలుగామె, భర్త పోయాక వచ్చిన ముప్పై అయిదు వేలు ఫిక్సెడ్ డిపాజిట్‌లో పెట్టింది. మొదటి పేరు ఆమెది, రెండో పేరు ఆమె మరిదిది. ఇద్దరి పేర్ల మీద ఉన్న డిపాజిట్లలో రెండు రకాలుంటాయి. 'ఈదర్ ఆర్ సర్వైవర్' అని ఉంటే గడువు తీరాక ఇద్దరిలో ఎవరొచ్చినా ఇవ్వచ్చు. 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అని ఉంటే మొదటి పేరు మనిషి బతికున్నంతకాలం ఆ మనిషికే ఇవ్వాలి, రెండో మనిషికి హక్కు ఆ తర్వాతే. రసీదు మూల పొడి అక్షరాల్లో చేత్తో రాసేవారు. ఇంగ్లీషులో 'ఇ'కీ 'ఎఫ్'కూ తేడా అడుగున ఒక్క గీత. ఆ రోజు సంత. కౌంటరు ముందు జనం. మరిది రసీదు తెచ్చి సంతకం పెట్టాడు. నేను లేని గీతను చూశాను. వడ్డీతో సహా ఇచ్చి పంపాను.

మూడు నెలలకు ఆమె వచ్చింది, కూతురి పెళ్లికి దుడ్లు కావాలని. విచారణ జరిగింది. మరిదిని పిలిపించి, ఇక్కడ ఫార్మర్ అని రాసి ఉంది, మీరెట్లా తీసుకున్నారు అని ఇన్‌స్పెక్షనుకు వచ్చిన అధికారి గద్దిస్తే, ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "ఫార్మర్ అంటే రైతే గద సార్. సేద్యం జేసేది నేనే. ఆమె యాడ జేస్తాది?" అన్నాడు. ఆ అధికారి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. బ్యాంకు ఆమె సొమ్ము ఆమెకిచ్చింది, కాని కాగితాలు కదిలి చేతికొచ్చేసరికి పెళ్లి అయిపోయింది. మరిది రెండు పంటల మీద తిరిగి కట్టాడు. నాకు ఒక ఇంక్రిమెంటు ఆపారు.

ఫార్మర్ దగ్గర అమ్మాయి నవ్వింది. తర్వాత, "నువ్వేం రాసిచ్చినావు నాయనా?" అంది. సంజాయిషీ ఉత్తరంలో 'ఇన్‌అడ్వర్టెంట్' అని రాశాను, నాకు బాగా గుర్తు. ఆ మాట దాని పట్టికలో కూడా ఉంది. "తెలుగులో ఏమంటారు?" అంది. పొరపాటున, అన్నాను. "ఆమెతో చెప్పినావా ఆ మాట?"

చెప్పలేదు. పై ఆఫీసుకు నాలుగు పేజీలు రాశాను. ఆమెకు చెక్కు చేతికిచ్చేటప్పుడు కూడా సంతకం ఎక్కడ పెట్టాలో చూపించానంతే.

మహాలయ అమావాస్య ముందు ఆదివారం ఆ పల్లెకు పోయాను. స్కూటరు మీద ముప్పావుగంట. ఆమె ఉంది, బాగా వంగిపోయింది. ముందు నన్ను గుర్తుపట్టలేదు. బ్యాంకు అన్నాక పట్టింది. "పొరపాటు నాదేనమ్మా, అప్పుడు చెప్పలేదు" అన్నాను. ఆమెకు డిపాజిట్ సంగతి సరిగా జ్ఞాపకం లేదు. జ్ఞాపకమున్నది వేరే. "పెండ్లికి మూడు రూపాయల వడ్డీకి తెస్తిమి. బ్యాంకు దుడ్లన్నీ దానికే పాయె, చాల్లేదు. రెండావులమ్మితిమి" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు, లెక్క చెప్పినట్లు చెప్పింది. ఆ ఆవుల సంగతి నా సంజాయిషీలో లేదు, విచారణ కాగితాల్లోనూ లేదు. ఇరవయ్యేళ్లు నా ఇంక్రిమెంటును తలుచుకుని బాధపడ్డాను. "ఇప్పుడు చెప్తే ఏమొస్తాది గాని, కాఫీ తాగిపో నాయనా" అంది. తాగాను.

ఇంటికొచ్చి ఆవుల మాట అమ్మాయికి చెప్పాను. అది ఏమీ అనలేదు. ఆ రాత్రి పన్నెండు ప్రశ్నలు చేస్తూ, ప్రతి వాక్యం చివరిదాకా వేలు పెట్టి చదవడం గమనించాను. ఒకదాని దగ్గర గడియారం దాటిపోయినా లేవలేదు. నేనూ తొందరపెట్టలేదు.

అక్టోబరులో బెంగుళూరులో పరీక్ష రాసింది. నేను బయట వేపచెట్టు కింద రెండున్నర గంటలు కూర్చున్నాను. రాయగానే కంప్యూటరు తెర మీద మార్కులు చూపిస్తారు. లెక్కల్లో నూట అరవై ఏడు, వెర్బల్‌లో నూట యాభై ఏడు. గొప్ప మార్కులేమీ కావు, దానికి కావలసిన చోట్లకు చాలు. బస్సులో హోసూరు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అత్తిబెలె దాటాక, "ఆ నోటుబుక్కులో అవ్వ మాటలుండాయి గదా, వాటి పక్కన తెలుగులో రాసియ్యి నాయనా. పోయేటప్పుడు తీసుకుపోతాను" అంది. రాసిస్తాను, చదవను వచ్చేదెట్లా అన్నాను. "అది నువ్వు నేర్పాల" అంది.

ఇల్లు చేరేసరికి మా అమ్మ వీధి అరుగు మీద కూర్చుని ఉంది.

"ఎన్నొచ్చినాయే?"

"నూట యాభై ఏడు అవ్వా."

"నూటికా?"

"నూట డెబ్బైకి."

మా అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "అట్లయితే పదమూడు యాడ పారేసినావే?" అంది.